బయటి గొళ్ళెం

ఆ వీధిలో బిడ్డ మీద చెయ్యి చేసుకోని తల్లి ఒక్కతే ఉండేది. ప్రభుత్వం వాళ్ళు వచ్చి బిడ్డను తీసుకుపోయింది ఆమె దగ్గర్నుంచే.

మిగతా తల్లులు దివ్యంగా కొట్టేవారు. పళ్ళు తోమించేటప్పుడొకటి, బడికి తరిమేటప్పుడొకటి, సాయంత్రం కాళ్ళు కడుక్కోకుండా లోపలికొస్తే రెండు. పొద్దు గుంకేలోగా ఏదో ఒక ఇంట్లో ఎవడో ఒకడి వీపు విమానం మోత మోగాల్సిందే. ఆ మోతకు ఎవరూ కిటికీ రెక్క కూడా తీసి చూసేవారు కారు. పెంపకమంటే అంతే కదా అనుకునేవారు.

ఆమెను వీధిలో కాజాలమ్మాయి అని పిలిచేవారు. చొక్కాలు కుట్టే దుకాణం నుంచి మూటలు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని చేత్తో కాజాలు కుట్టి గుండీలు వేసేది. సుద్దతో గీసిన గీత మీద బ్లేడుతో కొయ్యాలి, కోసిన అంచు చుట్టూ దారంతో దగ్గర దగ్గరగా కుట్టాలి. గీత దాటి ఒక్క పోగు తెగినా చొక్కా మొత్తం దండగే. ఆ పనికి చెయ్యి వణకకూడదు. ఆమె చెయ్యి వణికేది కాదు. అయినా ఈ లోకంలో ఆమెకు దేన్ని చూస్తే భయమంటే ఆ చేతిని చూస్తేనే.

అది అచ్చం వాళ్ళమ్మ చెయ్యి. అవే పొడుగాటి వేళ్ళు, అదే వెడల్పాటి అరచెయ్యి. వాళ్ళమ్మకు కోపం నషాళానికెక్కితే చేతికేది దొరికితే దానితోనే వడ్డన. కాల్చిన గరిటె వాత ఒకటి కాజాలమ్మాయి మోచేతి పైన ఇప్పటికీ ఉంది. పాలపళ్ళు ఊడే వయసులో ఆమెను అమ్మ దగ్గర్నుంచి తీసుకెళ్ళి, వరసగా మంచాలు వేసి ఉన్న ఒక హోమ్‌లో పెట్టారు. అక్కడ ఎవరూ కొట్టలేదు. ఎవరూ ఎత్తుకోనూ లేదు. కడుపున బిడ్డ పడిందని తెలిసిన రోజు ఆమె ముందు సంతోషించలేదు, ముందు తన చేతిని చూసుకుంది.

ఆసుపత్రి నర్సు ఆ వాత చూసి, ఆరా తీసి, పసిపిల్లల కేంద్రానికి పంపింది. చిన్నప్పుడు దెబ్బలు తిని పెరిగిన ఆడపిల్లలు తల్లులయ్యేటప్పుడు, బిడ్డ బడికి పోయే ఈడు వచ్చేదాకా ఒక మనిషి వారం వారం ఇంటికొచ్చి తోడుగా ఉండే పథకం ఒకటి అక్కడ నడుస్తోంది. కొట్టాక బిడ్డను లాక్కుపోయే కంటే, కొట్టకముందే తల్లి పక్కన కూర్చోవడం మేలని ఎవరో బుద్ధి ఉన్నవాళ్ళు ఆలోచించి పెట్టారు. మంచి పథకమే. ఈ కథలో ఏం జరిగినా ఆ ఒక్క మాట ఒప్పుకుని తీరాలి.

అలా ఆ ఇంటికి వచ్చిన మనిషి బొమ్మలక్క. భుజానికి గుడ్డసంచీ, అందులో చెక్కబొమ్మలు, గిలకలు, అంచులు నలిగిన బొమ్మల పుస్తకాలు. ఆమె మెట్లెక్కే చప్పుడుకే కాజాలమ్మాయి కొడుకు బుడ్డోడు చంకలు గుద్దుకునేవాడు. కాజాలమ్మాయికి తల్లి ఉండీ లేనట్టే, అత్త అసలే లేదు. మొగుడు లారీ డ్రైవరు. మంచివాడే, కానీ ఆ మంచితనం ఎప్పుడూ రోడ్డు మీదే ఉండేది. కాబట్టి పాలు పట్టడం, జోకొట్టడం, జ్వరమొస్తే ఏ మందు వెయ్యాలో అన్నీ బొమ్మలక్కే నేర్పింది. ఏడుపుకు అర్థం చెప్పింది. తల్లి బిడ్డ కళ్ళలోకి చూసి మాట్లాడాలని చెప్పింది. హోమ్‌లో తనతో ఎవరూ అలా మాట్లాడలేదు కాబట్టి మొదట్లో కాజాలమ్మాయికి సిగ్గేసింది. తర్వాత వాడితో ఎంత వాగుడు మొదలుపెట్టిందంటే, పక్క మేడలో ఉండే పిన్ని, ఆ పసివాడికి చెవులు తూట్లు పడతాయే అని వేళాకోళం చేసేది.

బుడ్డోడికి నడక వచ్చింది, దానితోపాటు ఆమెకు కోపమూ వచ్చింది. ఒకనాడు వాడు సూదుల డబ్బా బోర్లించాడు. ఆమె కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యి పైకి లేచి గాలిలో ఆగింది. ఆ వారం బొమ్మలక్క వచ్చేదాకా ఆమెకు ముద్ద దిగలేదు. జరిగింది దాచకుండా చెప్పేసింది.

బొమ్మలక్క తిట్టలేదు. చెయ్యి ఆగింది కదా, ఆగిన చేతిని చూసి ఏడుస్తావేంటని నవ్వింది. అప్పుడే ఆ పాఠం చెప్పింది. కోపం తన్నుకొచ్చినప్పుడు ముందు సూదులు, బ్లేడ్లు అందకుండా పైన పెట్టు. పిల్లవాణ్ణి చాప మీద కూర్చోబెట్టు. తలుపు వేసి బయటికి రా. మెట్టు మీద కూర్చో. వాడి ఏడుపు నీ కోపాన్ని ఎగదోస్తుంది, చెవులు మూసుకో. ఊపిరి నిదానించాక లోపలికెళ్ళి వాణ్ణి ఎత్తుకో. ఏడిస్తే బిడ్డకేమీ కాదు, దెబ్బ తింటేనే అవుతుంది.

అంతా బాగానే ఉంది, కానీ ఆ ఇల్లు మేడమీది ఒంటి గది. ముందు చారెడు వరండా, వరండా నుంచి నిటారుగా దిగే మెట్లు. ఒకసారి బొమ్మలక్క కళ్ళముందే బుడ్డోడు తలుపు తోసుకుని బయటికి ఉరికాడు. మెట్ల అంచున ఆవిడే వాడి చొక్కా పట్టుకుని లాగింది.

"బయట గొళ్ళెం పెట్టించు చెల్లీ," అంది బొమ్మలక్క, వాణ్ణి చంకనేసుకుని. "వీడు ఆ మెట్ల మీద పడ్డాడంటే నీ కోపం కన్నా అదే పెద్ద ప్రమాదం."

డ్రైవరు ఇంటికొచ్చినప్పుడు గొళ్ళెం బిగించాడు. బొమ్మలక్క పక్కన నిలబడి మరలు అరచేతిలో పట్టుకుని ఒక్కొక్కటే అందించింది. అంచు గీసుకుంటుందేమో ఆకురాయితో రుద్దమని కూడా ఆవిడే చెప్పింది.

గొళ్ళెం పుణ్యమా అని ఆ చెయ్యి మళ్ళీ గాలిలోకి లేవలేదు. రానురాను అదొక ఆటగా కూడా మారింది. లోపల బుడ్డోడు కాసేపు ఏడ్చి, తలుపు దగ్గరికి వచ్చి అరచేత్తో తట్టేవాడు. కోపం దిగిపోయుంటే ఆమె బయటి నుంచి తట్టేది. వాడు మళ్ళీ తట్టేవాడు. అప్పుడు గొళ్ళెం తీసి ఎత్తుకునేది. ఇద్దరూ నవ్వేవారు. తన వంశంలో తల్లీ బిడ్డా ఇలా నవ్వుకోవడం ఇదే మొదలేమో అని ఆమెకు గర్వంగా ఉండేది.

పక్క మేడ వరండాలో తల దువ్వుకుంటూ పిన్ని చూసేది వేరు. లోపల పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బయట తల్లి గొళ్ళెం వేసి, మెట్టు మీద కూర్చుని, రెండు చెవులూ మూసుకుని ఉంది. పిన్ని చెడ్డది కాదు. ముగ్గురు పిల్లల్ని పెంచింది, ముగ్గురికీ చీపురుకట్ట రుచి చూపించింది, ఒక్కణ్ణి కూడా గదిలో పెట్టి మూయలేదు. ఒక దెబ్బతో పోయేదానికి ఇంత శిక్షా, ఏం రాతిగుండె అనుకుంది ఆవిడ. మెట్ల గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది: పసివాళ్ళు ఆపదలో ఉన్నారనిపిస్తే ఈ నంబరుకు ఫోను చెయ్యండి. పిన్ని ఫోను చేసింది. వాళ్ళు రాకపోతే మళ్ళీ చేసింది. ఆ కాగితం అంటించింది కూడా బొమ్మలక్కే. కొస లేచిపోకుండా జిగురు దండిగా రాసింది.

ఆ ఫోను అందుకుని పిల్లల సంక్షేమం చూసే అధికారిణి వచ్చిన రోజు వేళ బాగాలేదు. మూటలో అన్నీ తెల్లచొక్కాలు, సాయంత్రానికి దుకాణంలో ఉండాలి. బుడ్డోడికి ఒళ్ళు వెచ్చగా ఉండి పొద్దుటి నుంచీ నస. టీ గ్లాసు చొక్కాల మీద బోర్లించాడు. ఆమె బ్లేడు పైన పెట్టింది, వాణ్ణి చాప మీద కూర్చోబెట్టింది, గొళ్ళెం వేసింది, చెవులు మూసుకుంది. పాఠంలో ఒక్క అక్షరం తప్పలేదు. తల ఎత్తేసరికి మెట్ల కింద ఒకావిడ, ఆవిడ వెనక ఒకాయన, వాళ్ళ వెనక వీధి మొత్తం.

లోపల ఎవరున్నారని అధికారిణి అడిగింది. మా అబ్బాయి అంది. గొళ్ళెం ఎందుకు వేశావంటే, కోపం వచ్చిందని చెప్పింది.

"ఎప్పుడెప్పుడు వేస్తుంటావమ్మా ఇలా?"

"కోపం వచ్చినప్పుడల్లా మేడం," అంది కాజాలమ్మాయి.

ఆ జవాబుకు కేంద్రంలో అయితే భేష్ అనేవారు. రెండేళ్ళుగా ఆమె నేర్చుకున్నదంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. వీధిలో మాత్రం గుసగుసలు లేచాయి. అధికారిణి గొళ్ళెం తీసి, ఎక్కిళ్ళు పడుతున్న పిల్లవాణ్ణి ఎత్తుకుని నుదురు తడిమి చూసింది. జ్వరం. ఇక ఏం చెప్పినా వినేవాళ్ళు లేరు. ఆమె చిన్నప్పుడు హోమ్‌లో పెరిగిందని తెలిశాక, అదీ సంగతి అన్నట్టు అధికారిణి పక్కనున్నాయన వంక చూసింది. బుడ్డోడు బండెక్కేటప్పుడు ఏడవలేదు. వీధి చివర మలుపు తిరిగేదాకా కిటికీ అద్దం మీద అరచేత్తో తడుతూనే ఉన్నాడు.

వాణ్ణి ఎవరో పరాయి దంపతుల ఇంట్లో పెట్టారు. ఎక్కడో చెప్పలేదు. విచారణ అయ్యేదాకా తల్లి కంటపడకూడదన్నారు. కాజాలమ్మాయి తిండీ నిద్రా మాని కూడా ఒక్కటే మాట పట్టుకుని బతికింది: అక్క చెబుతుంది. గొళ్ళెం పెట్టమన్నది ఆవిడే కాబట్టి ఆవిడ నోరు విప్పితే చాలు, బిడ్డ ఇంటికొస్తాడు.

విచారణ రోజు డ్రైవరు సరుకు మధ్యదారిలో వేరే లారీకి అప్పజెప్పి పరుగెత్తుకొచ్చాడు. నడవాలో బల్ల మీద కూర్చున్న ఆమె దగ్గరికి బొమ్మలక్క వచ్చింది. సంచీ లేకుండా ఆవిణ్ణి చూడడం అదే మొదటిసారి. చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి, నేనున్నాను కదా అంది. ఆవిడ అరచెయ్యి చెమటతో తడిగా ఉంది. ఎండలో వచ్చిందేమో అనుకుంది కాజాలమ్మాయి.

లోపల పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. ఒక పక్కగా కేంద్రం నడిపే పెద్దమేడం ఉంది. కేంద్రాన్ని ఇంకా నడిపించాలా మూసెయ్యాలా అని పైవాళ్ళు తేల్చబోయేది ఆ నెలలోనే. కేంద్రం హాల్లో పెద్ద బోర్డు ఒకటుంది: మా దగ్గరికి వచ్చే ఏ తల్లీ తన బిడ్డకు దూరం కాలేదు. పెద్దమేడం ప్రాణాలన్నీ ఆ బోర్డులోనే ఉన్నాయి.

బల్ల వెనక నడుమ కూర్చున్నాయన బొమ్మలక్కను సూటిగానే అడిగాడు. ఈ తల్లికి మీరు ఏం నేర్పారు? కోపం వస్తే పక్కకు తప్పుకోమని నేర్పామండీ అంది ఆవిడ. బిడ్డకు ప్రమాదం లేకుండా చూసుకోమని కూడా చెప్తామండీ అంది. మరి గొళ్ళెం సంగతి ఏమిటన్నాడు. బొమ్మలక్క ఒకసారి పెద్దమేడం వంక చూసింది, ఒకసారి తన ఒళ్ళో చేతుల వంక చూసుకుంది.

"గొళ్ళెం మా పాఠంలో లేదండీ," అంది.

అబద్ధం కాదు. పాఠంలో నిజంగానే లేదు. అది బొమ్మలక్క ఆ మెట్లు చూసి, ఆ పిల్లవాణ్ణి చూసి, ప్రేమ కొద్దీ సొంతంగా చేర్చిన ముక్క. ఆ ముక్క వల్లే ఆ పిల్లవాడు తల పగలకుండా బతికాడు.

"మరలు నువ్వే అందించావు కదక్కా," అంది కాజాలమ్మాయి. గట్టిగా కూడా అనలేదు, ఆవిడ మర్చిపోయిందేమో గుర్తుచేద్దామన్నట్టుగా అంది. డ్రైవరు లేచి అవునండీ, నేనే సాక్షి అన్నాడు. మొగుడి సాక్ష్యానికి ఎవరు విలువిస్తారు? పైగా నెలలో ఎన్నాళ్ళు ఇంట్లో ఉంటావయ్యా అని అడిగితే తల దించుకున్నాడు. పిల్లల పెంపకం తరగతులు పూర్తిచేసి, గొళ్ళెం పీకేస్తే అప్పుడు ఆలోచిస్తామని చెప్పి పంపారు.

తరగతులు జరిగింది ఆ కేంద్రం హాల్లోనే. బోర్డు అలాగే వేలాడుతోంది. బిడ్డ దూరమైన తల్లి పేరును ముందుగానే పథకంలోంచి తీసేశారు కాబట్టి అందులో అక్షరం మార్చే పని పడలేదు. ఆ బోర్డు కింద కుర్చీలో కూర్చుని కాజాలమ్మాయి పాఠాలు విన్నది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కుర్రమేడం వేలు ఊపుతూ ముద్దుముద్దుగా చెప్పింది: కోపం వచ్చిందనుకోండి, పిల్లల్ని ప్రమాదం లేని చోట కూర్చోబెట్టి, తలుపు వేసి, కాసేపు బయటికి వచ్చెయ్యాలి. కాజాలమ్మాయికి నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నారని అడిగితే దగ్గు అని చెప్పింది. ఆ నవ్వు వల్ల బిడ్డ రావడం ఎక్కడ ఆలస్యమవుతుందోనని ఆ రోజంతా వణికిపోయింది.

బుడ్డోడు ఇంటికొచ్చేసరికి ఎండలు పోయి చలి వచ్చింది. వాడికి కొత్త చొక్కా ఉంది, కొత్త మాటలు వచ్చాయి. అక్కడెవరినో అమ్మా అని పిలవడం అలవాటై, ఈమెను చూసి మొదటి రోజు ఆంటీ అన్నాడు. పరాయి ఇంట్లో వాణ్ణి బాగానే చూసుకున్నారు, అది ఒళ్ళు చూస్తేనే తెలుస్తోంది. డ్రైవరు అప్పటికే గొళ్ళెం ఊడదీసి పారేశాడు. తలుపు మీద మరల బొక్కలు మిగిలాయి.

కొన్నాళ్ళకు మెట్ల మీద తెలిసిన అడుగుల చప్పుడైంది. బొమ్మలక్క. సంచీ ఉంది, గిలకలున్నాయి. కేంద్రం మూతపడలేదట, ఈమెను మళ్ళీ పథకంలో చేర్చుకోవడానికి పెద్దమేడమే ఒప్పుకుందట. కాజాలమ్మాయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు.

"ఆ రోజు నేను చెప్పి ఉంటే కేంద్రం మూసేసేవాళ్ళు చెల్లీ," అంది బొమ్మలక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ చుట్టుపక్కల ఎంతమంది తల్లులు దాని మీద ఆధారపడి ఉన్నారో నీకు తెలియంది కాదు."

"ఆ ఎంతమందిలో నేను లేనా అక్కా?"

బొమ్మలక్క సంచీని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. కాజాలమ్మాయి ఇంకొక్క మాట అడిగింది. ఇందులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఇప్పుడు కోపం వస్తే ఏం చెయ్యమంటావు?"

బొమ్మలక్క ఊపిరి అంది, అంకెలు లెక్కపెట్టుకోవడం అంది, నాకు ఫోను చెయ్యి అంది. చెబుతున్నంతసేపూ సంచీలో చెయ్యి పెట్టి ఏదో వెతుకుతున్నట్టు కెలుకుతూనే ఉంది. చివరికి ఒక చెక్కగుర్రం తీసి గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడంటే కాజాలమ్మాయికి కోపం కూడా రాలేదు. అది రాకపోవడమే బాధగా ఉంది.

ఆ తర్వాత ఆమె తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉంచింది. పక్క మేడ నుంచి చూస్తే ఇల్లంతా కనిపించేలా ఉంచింది. బుడ్డోడు ఏడిస్తే ఆమెకు ముందు వినిపించేది ఏడుపు కాదు, బండి చప్పుడు. వాడు మారాం చేస్తే చేతిలో పని పడేసి బతిమాలేది. అడిగిందల్లా ఇచ్చేది. కోపం వస్తే పళ్ళబిగువున మింగేది. మింగిన కోపం ఎక్కడికీ పోలేదు, లోపల మడతలు పెట్టిన చొక్కాల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుంది.

ఒక మధ్యాహ్నం బుడ్డోడు గుండీల డబ్బా ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తాడు. వద్దు నాన్నా, ఇటివ్వు నాన్నా అంటూనే ఉంది ఆమె. వాడు ఆమె కళ్ళలోకి చూస్తూ డబ్బాను మెట్ల మీదికి విసిరేశాడు. గుండీలు మెట్టు మెట్టుకూ ఎగురుతూ వీధిలోకి దొర్లాయి. వాడు కిలకిలా నవ్వాడు. వాణ్ణి చంకన వేసుకుని లోపలికి తెచ్చింది. చాప మీద కూర్చోబెట్టింది. బ్లేడు తీసి పైన పెట్టింది. గుమ్మం దాటి తలుపు లాగింది. చెయ్యి అలవాటుగా గొళ్ళెం కోసం పైకి పోయింది. వేళ్ళకు బొక్కలు తగిలాయి.

పక్క మేడ మీద పిన్ని తల దువ్వుకుంటోంది. మూసిన తలుపును చూసి, దువ్వెన జుట్టులోనే ఆపేసి ఇటే చూస్తోంది.

కాజాలమ్మాయి తలుపు మళ్ళీ బార్లా తీసింది. లోపలికి వెళ్ళింది. ఆ చెయ్యి లేచింది, ఈసారి గాలిలో ఆగలేదు. వణకలేదు కూడా.

బుడ్డోడి ఏడుపు వీధి చివరిదాకా వినిపించే ఉంటుంది. ఎవరూ ఫోను చెయ్యలేదు. ఎవరూ కిటికీ తీసి చూడలేదు. పిన్ని మాత్రం దువ్వెన మళ్ళీ నడిపిస్తూ, మనస్ఫూర్తిగా మెచ్చుకుంది.

"అదీ. అలా ఒకటి తగిలిస్తేనే దారికొస్తారు. ఇన్నాళ్ళకు నీకు పిల్లల్ని పెంచడం తెలిసిందే అమ్మాయ్."

కాజాలమ్మాయి గది మధ్యలో తన చేతిని చూసుకుంటూ నిలబడిపోయింది. వాడి చెంప మీద వేళ్ళు తేలాయి, పొడుగాటి వేళ్ళు. బుడ్డోడు ఎక్కిళ్ళు పడుతూ లేచి, తలుపు దగ్గరికి నడిచి, రెండు చేతులతో దాన్ని తోసి మూశాడు. మూసిన తలుపు మీద అరచేత్తో తట్టాడు. అవతలి నుంచి అమ్మ తడుతుందని చెవి ఆనించి నిలబడ్డాడు. చప్పుడు రాకపోతే మళ్ళీ తట్టాడు. అమ్మ వాడి వెనకే ఉంది.